కాగితాలు లేకుండా జియోక్యాషింగ్: ఫోన్ ఒక్కటే చాలునా, చేతి జీపీఎస్ కూడా ఉండాలా?

తార్నాక పాదచారి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో ఉండే మా మేనమామ క్రితంసారి వచ్చినప్పుడు, తాను చాలాకాలం వాడి పక్కన పెట్టిన గార్మిన్ ఇట్రెక్స్ 10 అనే చేతి జీపీఎస్ పరికరాన్ని మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్లారు. జియోక్యాషింగ్ మీద, అంటే ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట మీద, మాకు అప్పటికే ఆసక్తి ఉంది. ఇంతవరకు జియోక్యాషింగ్ సైటులోని ఒక్కో జియోక్యాష్ (దాచిన డబ్బా) పేజీని వీధి చివరి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, అందులోని అక్షాంశ రేఖాంశాలను ఫోన్ మ్యాపులో కొట్టుకుని, వివరణను కాగితం మీద చదువుకుంటూ వెతుకుతున్నాము. ప్రింటులో హింట్ అక్షరాలు మార్చిన సంకేత రూపంలో ఉంటుంది కాబట్టి, ఎండలో నిలబడి ఏ అక్షరానికి పదమూడో అక్షరం ఏదో లెక్క కట్టుకోవలసి వస్తోంది. అంతకుముందు వెతికినవారు రాసిన లాగ్‌లు కూడా ప్రింటు తీయిస్తే పేజీలు పెరుగుతాయి, తీయించకపోతే ఆ డబ్బా అసలు అక్కడ ఉందో, ఎవరైనా ఎత్తుకుపోయారో తెలియదు.

ఇక ఈ కాగితాల పద్ధతి మానుకోవాలని నిర్ణయించుకున్నాము. అయితే ఎవరిని అడిగినా ఒకరు ఫోన్ ఉంటే చాలంటారు, మరొకరు చేతి జీపీఎస్ లేనిదే కొండల్లోకి వెళ్లవద్దంటారు. మేము నగరంలో తిరగడంతో పాటు ఖాజాగూడ రాళ్ల వైపు, వీలైతే వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు కూడా వెళ్లాలనుకుంటున్నాము. ఇంట్లో కంప్యూటర్ లేదు, నా దగ్గర ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్. ఆ సైటులో డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం సభ్యత్వం ఇంకా తీసుకోలేదు. ఈ పరిస్థితిలో ఆ ఇట్రెక్స్‌లోకి వివరాలు ఎక్కించడం సాధ్యమేనా, సాధ్యమైనా అంత శ్రమ పడదగినదేనా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

రాళ్లబాట

పాదచారి గారూ, ముందుగా ఫైళ్ల సంగతి చెబుతాను. అది తేలితే ఏ పరికరం వాడాలన్నది చాలావరకు తేలిపోతుంది.

ఈ ఆటకు కాగితం ఎందుకు అంటుకున్నదంటే, తొలినాళ్ల చేతి జీపీఎస్‌లు ఒక స్థానానికి చిన్న పేరు, అక్షాంశ రేఖాంశాలు తప్ప మరేమీ దాచుకోలేకపోయేవి. అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో తాను కావాలని కలుపుతూ వచ్చిన లోపాన్ని 2000 మే 2న తొలగించింది. మరునాడే ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ మొదటి డబ్బాను దాచారు. ఆట అంత వేగంగా పుట్టినా, వివరణ, హింట్, పాత లాగ్‌లు మొత్తంగా పరికరం తెర మీదే చదువుకునే సౌకర్యాన్ని గార్మిన్ తన చేతి జీపీఎస్‌లలో 2008లో వచ్చిన కొలరాడో, ఒరెగాన్ వరుసలతో ఇచ్చింది. మీ చేతిలో ఉన్న ఇట్రెక్స్ 10 అదే సౌకర్యాన్ని 2011లో తక్కువ ధరకు తెచ్చిన నమూనా. నలుపు తెలుపు తెర చూసి దాన్ని తక్కువ అంచనా వేయకండి.

ఇక ఫైళ్లు రెండు రకాలు. ఎల్ఓసీ ఫైలులో జియోక్యాష్ పేరు, స్థానం వంటి కొద్దిపాటి సమాచారమే ఉంటుంది. దాన్ని ఎక్కించుకుంటే మళ్లీ కాగితమే గతి. జీపీఎక్స్ ఫైలులో వివరణ, హింట్, కఠినత స్థాయి, ఇటీవలి కొన్ని లాగ్‌లు వస్తాయి. హింట్ కోసం మీరు లెక్కలు కట్టనక్కరలేదు, నొక్కితే మామూలు అక్షరాల్లోనే కనబడుతుంది. ప్రీమియం సభ్యులకు పాకెట్ క్వెరీ అనే ఏర్పాటు ఉంది. ఒక ప్రాంతాన్నీ, కావలసిన షరతులనూ చెప్పి ఒక్క క్వెరీలో గరిష్ఠంగా 1000 జియోక్యాష్‌లను జీపీఎక్స్‌గా దింపుకోవచ్చు. జర్మనీలోనో అమెరికాలోనో తిరిగేవారికి అది లేనిదే పని జరగదు. డబ్బాలు పలచగా ఉన్న మన ప్రాంతంలో దానికోసమే ప్రీమియం తీసుకోవడం నా దృష్టిలో అనవసరం.

కంప్యూటర్ లేకపోయినా మీకు మార్గం ఉంది. ఆండ్రాయిడ్‌లో సీజియో అనే ఉచిత యాప్ ఉంది. దాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవారు తయారు చేస్తున్నారు, అది జియోక్యాషింగ్ సైటువారి అధికారిక యాప్ కాదు. అందులో మీ ఖాతాతో ప్రవేశించి, వెళ్లదలచిన ప్రాంతంలోని జియోక్యాష్‌లను ఒక జాబితాలో భద్రపరచుకుంటే వివరణలు, లాగ్‌లు, ఫొటోలు ఫోన్‌లోనే ఉండిపోతాయి. ఆ జాబితాను జీపీఎక్స్‌గా ఎగుమతి చేసే వీలు కూడా అందులోనే ఉంది. ఓటీజీ కేబుల్‌తో ఇట్రెక్స్‌ను ఫోన్‌కు కలిపితే అది పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. అందులో గార్మిన్ అనే ఫోల్డరు, దాని లోపల జీపీఎక్స్ అనే ఫోల్డరు ఉంటాయి. ఎగుమతి చేసిన ఫైలును అక్కడ పెట్టి, ఫోన్‌లో ఎజెక్ట్ నొక్కి, ఆ తర్వాతే కేబుల్ తీయండి. పరికరాన్ని మళ్లీ ఆన్ చేసినప్పుడు జియోక్యాష్‌ల మెనూలో అన్నీ దూరం ప్రకారం వరుసగా కనబడతాయి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. ఇట్రెక్స్ 10కు ఉన్నది పాత మినీ యూఎస్‌బీ రంధ్రం, ఇప్పటి ఫోన్ కేబుళ్లు దానికి పట్టవు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో అడిగితే దొరుకుతుంది కానీ, ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుల్‌ను అంటగట్టకుండా ఫైళ్లు కూడా పంపే రకాన్ని అడిగి, కొట్లోనే ఫోన్‌కు కలిపి చూసి తీసుకోండి.

రెండు లోట్లు కూడా చెప్పాలి. జీపీఎక్స్ ఫైలులో ఫొటోలు రావు కాబట్టి, ‘ఫొటోలో చూపిన రాయి వెనుక’ అని రాసిన జియోక్యాష్‌కు ఇట్రెక్స్ ఒక్కటే సరిపోదు. అలాగే నా దగ్గరున్న ఇదే తరం పరికరంలో తెలుగు లిపి ఖాళీ గళ్లుగా కనిపిస్తుంది, పట్టికలతో రాసిన వివరణలు కలగాపులగమై పోతాయి. అందుకే నేను చదువుకోవడానికి ఫోన్, నడవడానికి చేతి జీపీఎస్ అని పెట్టుకున్నాను. అనంతగిరి వంటి చోట ఇట్రెక్స్ విలువ తెలుస్తుంది. రెండు పెన్సిల్ సెల్స్‌తో 25 గంటలు నడుస్తుందని తయారీదారు చెబుతారు, సెల్స్ అయిపోతే దారిలో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.

మెహదీపట్నం మజిలీ

రాళ్లబాట గారు చెప్పినవన్నీ నిజమే. అయినా నగరం వరకు ఆ ఇట్రెక్స్‌ను బీరువాలోనే ఉంచమని నేను సలహా ఇస్తాను. అందుకు కారణం సాంకేతికమైనది కాదు.

పసుపుపచ్చ పరికరాన్ని చేతపట్టుకుని ఫ్లైఓవర్ స్తంభం చుట్టూ తిరిగే మనిషిని మన ఊళ్లో ఎవరూ చూసీచూడనట్లు వదిలేయరు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ గోకుల్ చాట్ దగ్గరా, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లోనూ జరిగిన పేలుళ్లను చూసిన నగరం ఇది. యజమాని లేని డబ్బా మీద, దాని చుట్టూ తచ్చాడే మనిషి మీద ఇక్కడి జనానికి అనుమానం రావడం న్యాయమే. ఫోన్ చూసుకుంటూ నిలబడినవారిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఒకవేళ కానిస్టేబుల్ వచ్చి అడిగినా, జియోక్యాష్ పేజీని తెరిచి, మ్యాపు, వివరణ, పాత లాగ్‌లు చూపించి ఆట సంగతి చెబితే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నలుపు తెలుపు తెర మీద బాణం గుర్తును చూపించి ఆ పని చేయడం కష్టం. అమ్మాయిని వెంటబెట్టుకుని వెళతారు కనుక ఇది మీరు తప్పక ఆలోచించవలసిన విషయం. కంటోన్మెంట్ ప్రాంతంలోనూ, రక్షణ సంస్థల గోడల పక్కనా అయితే ఏ పరికరంతోనూ వెతకవద్దు.

ఫోన్‌కే పరిమితమైన ఆటలు కూడా ఉన్నాయి. అడ్వెంచర్ ల్యాబ్ పేరుతో నడిచే వాటిలో డబ్బా ఉండదు, స్థలానికి చేరుకున్నాక యాప్‌లో ప్రశ్న తెరుచుకుంటుంది. దానికి చేతి జీపీఎస్ పనికిరాదు. 2004లో మొదలైన ఎర్త్‌క్యాష్‌లలో కూడా డబ్బా ఉండదు. భూగర్భ విశేషాన్ని చూసి ప్రశ్నలకు జవాబులు రాసి, ఆ పేజీ పెట్టిన యజమానికి పంపాలి, కాబట్టి ప్రశ్నలు చదవడానికీ ఫొటో తీయడానికీ ఫోనే కావాలి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గ్రానైటు బండల మధ్య నివసిస్తున్న మనకు ఆ రకం సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం.

ఫోన్‌కు అసలు శత్రువు మన ఎండ. మే నెలలో మధ్యాహ్నం తెర వెలుతురును పూర్తిగా పెంచి, జీపీఎస్‌ను నడుపుతూ, పైగా పవర్ బ్యాంక్ కూడా తగిలిస్తే ఫోన్ వేడెక్కి, ముందు తెర మసకబారుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగిపోతుంది. వెతుకుతున్నంతసేపు పవర్ బ్యాంక్ తీసేసి, రెండు చోట్ల మధ్య ప్రయాణంలో బ్యాగులో పెట్టి ఛార్జ్ చేసుకోండి. బైకు హ్యాండిల్‌కు బిగించే స్టాండులో ఎండకు వదిలేయకండి.

మరో హెచ్చరిక. మీ మేనమామ గారు వచ్చేసారి ఇంకా మంచిది తెస్తానంటే, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ వంటి పరికరాన్ని మాత్రం తేవద్దని ముందే చెప్పండి. సంకేతాన్ని కేవలం అందుకునే ఇట్రెక్స్ వేరు, పంపేవి వేరు. రెండో రకాన్ని అనుమతి లేకుండా మన దేశంలోకి తెచ్చినందుకు విమానాశ్రయాల్లో విదేశీ పర్యాటకులను సైతం ఆపి కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి.

తార్నాక పాదచారి

ఇద్దరికీ ధన్యవాదాలు. సీజియోలో జాబితా భద్రపరచుకుని, డేటా ఆపేసి తెరిచి చూశాను. వివరణలు, ఫొటోలు అన్నీ వచ్చాయి.

మరో సందేహం. రెండు పరికరాలనూ పక్కపక్కన పట్టుకుని ఖాజాగూడ బండల మధ్య నిలబడితే ఒకటి ఒకవైపు, మరొకటి ఇంకోవైపు చూపిస్తున్నాయి. కదలకుండా ఉంటే ఇట్రెక్స్ బాణం ఎటో తిరిగి నిలిచిపోతుంది. దేన్ని నమ్మాలి? అలాగే జియోక్యాష్ పేజీలో అక్షాంశాన్ని రాసే తీరు, ఫోన్ మ్యాపు చూపించే తీరు ఒకటిగా లేవు. అవి ఒకదానికొకటి ఎలా సరిపోతాయో కూడా ఎవరైనా వివరించగలరా?

అక్షాంశం 17

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో పొరపడితే మొదటి ప్రశ్న దాకా వెళ్లే అవసరమే రాదు. జియోక్యాషింగ్ సైటు స్థానాలను డిగ్రీలు, దశాంశ నిమిషాలలో రాస్తుంది. ఫోన్‌లోని మామూలు మ్యాపు దశాంశ డిగ్రీలలో చూపుతుంది. చార్మినార్‌నే తీసుకుంటే, సైటు పద్ధతిలో అది సుమారు ఉత్తరం 17° 21.696', తూర్పు 78° 28.482' అవుతుంది. మ్యాపు పద్ధతిలో అదే స్థానం 17.3616, 78.4747. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి. అలా చేయకుండా 17.21696, 78.28482 అని కొడితే మ్యాపు తప్పని చెప్పదు, నిరభ్యంతరంగా చార్మినార్‌కు నైరుతి దిక్కున దాదాపు 25 కిలోమీటర్ల అవతల, శంషాబాద్ విమానాశ్రయానికి పడమరగా ఎక్కడో గుర్తు పెడుతుంది. జీపీఎక్స్ ఫైలుతో పనిచేస్తే అంకెలు చేత్తో కొట్టే పనే ఉండదు కాబట్టి ఈ ప్రమాదమూ ఉండదు. నా లెక్కలో కాగితం మానడం వల్ల కలిగే పెద్ద లాభం ఇదే. చేత్తో కొట్టవలసి వస్తే మాత్రం ఇట్రెక్స్ సెట్టింగులలో స్థానం రాసే తీరు దశాంశ నిమిషాలలోనూ, మ్యాప్ డేటమ్ (స్థానాలను లెక్కగట్టే ఆధార పద్ధతి) డబ్ల్యూజీఎస్ 84లోనూ ఉన్నాయో లేదో చూడండి. డేటమ్ వేరేదిగా ఉంటే కొన్ని వందల మీటర్ల తేడా రావచ్చు.

ఆ దశాంశాల విలువ కూడా తెలిసి ఉండాలి. నిమిషంలో వెయ్యో వంతు, అంటే చివరి అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణాలుగా సుమారు 1.85 మీటర్లు, హైదరాబాద్ అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా సుమారు 1.77 మీటర్లు జరుగుతాము. ఫోన్ జీపీఎస్ ఖచ్చితత్వం బయలు ప్రదేశంలో సాధారణంగా 5 మీటర్ల లోపు ఉంటుందని అమెరికా ప్రభుత్వపు జీపీఎస్ సైటు చెబుతుంది. డబ్బా దాచినవారి పరికరానికి కూడా అంతే లోపం ఉండి ఉంటుంది కదా. వారిదీ మీదీ కలిస్తే 7 మీటర్ల తేడా సహజం. కాబట్టి దూరం సున్నాకు వచ్చేదాకా అటూ ఇటూ తిరగడం వృథా. పది మీటర్ల లోపలికి వచ్చాక పరికరాన్ని జేబులో పెట్టి, హింట్ చదివి, కళ్లతో వెతకండి.

బండల మధ్య రెండు పరికరాలు విభేదించడానికి కారణం పరావర్తనం. ఎదురుగా రెండంతస్తుల ఎత్తు బండ ఉంటే ఆకాశంలో సగం మూసుకుపోతుంది. మిగిలిన ఉపగ్రహాల సంకేతం నేరుగా కొంత, రాతిని తాకి వెనక్కి తిరిగి కొంత వస్తుంది. తిరిగి వచ్చినది కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, పరికరం దాన్ని ఎక్కువ దూరంగా లెక్కగడుతుంది. ఉపగ్రహాలు వేర్వేరు ఫ్రీక్వెన్సీలలో పంపే సంకేతాలలో ఎల్1 అనేదాన్నే అందుకునే మీ ఇట్రెక్స్ అమెరికా ఉపగ్రహాలతో పాటు రష్యావారి గ్లోనాస్‌ను కూడా వాడుకుంటుంది కనుక బయలులో బాగానే పనిచేస్తుంది, రాళ్ల సందులో తడబడుతుంది. ఎల్5 సంకేతాన్ని కూడా అందుకునే ఫోన్ అయితే నేరుగా వచ్చినదేదో, తిరిగి వచ్చినదేదో మెరుగ్గా వేరు చేయగలదు. మీ ఫోన్‌కు ఆ శక్తి ఉన్నదీ లేనిదీ జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్‌లో ఉపగ్రహాల జాబితా పక్కనే కనిపిస్తుంది. ఇస్రోవారి నావిక్ ఉపగ్రహాలు మన నెత్తిమీద ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఇటువంటి ఇరుకు చోట్ల ఉపయోగపడాలి. కానీ వాటిలో సక్రమంగా పనిచేస్తున్నవి ప్రస్తుతం కొద్ది మాత్రమే కనుక దానికోసమని ఫోన్ మార్చకండి.

బాణం సంగతి తేలిక. ఇట్రెక్స్ 10లో దిక్సూచి లేదు. మీరు కదులుతుంటేనే అది దిక్కు తెలుసుకుంటుంది, నిలబడిపోతే పాత దిక్కునే పట్టుకుని ఉంటుంది. నాలుగడుగులు వేసి బాణాన్ని చూడండి, ఆగినప్పుడు దూరాన్ని మాత్రమే చూడండి. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది కానీ, అయస్కాంతంతో మూసుకునే ఫ్లిప్ కవరు ఉంటే అది అబద్ధం చెబుతుంది. కవరు ఊడదీసి, ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పితే సర్దుకుంటుంది. నా పద్ధతి అడిగితే, బండకు నాలుగైదు మీటర్ల దూరంగా, ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు నిలబడి అంకె స్థిరపడనిచ్చి, అక్కడి నుంచి దిక్కు, దూరం మనసులో పెట్టుకుని లోపలికి వెళతాను. ఏ పరికరం చేతిలో ఉన్నా ఇదే పని చేస్తాను.

ఒక మాట రాళ్లబాట గారి సమాధానానికి చేర్చాలి. అనంతగిరిలో డేటా లేకపోయినా ఫోన్‌లోని జీపీఎస్ పనిచేస్తుంది. ఉపగ్రహాల కక్ష్య వివరాలు నెట్‌వర్క్ ద్వారా తెచ్చుకునే సౌలభ్యం పోతుంది కాబట్టి, మొదటిసారి స్థానం తెలియడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, అంతే. సీజియోలోనే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారిత ఆఫ్‌లైన్ మ్యాపును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దింపుకోండి. ఇట్రెక్స్ 10లో సందుగొందులు చూపించే మ్యాపు ఎక్కించుకునే వీలు లేదు, కనుక ఏ కాలిబాట ఎటు పోతుందో ఫోనే చెప్పాలి. నెలల తరబడి ఆపి ఉంచిన ఇట్రెక్స్‌ను మాత్రం బయలుదేరే ముందు రోజు డాబా మీద పావుగంట ఆన్ చేసి ఉంచండి. ఉపగ్రహాలన్నింటి స్థూల వివరాలు మొత్తం అందడానికి 12న్నర నిమిషాలు పడుతుంది.

రాళ్లబాట

దొరికిన తర్వాత చేయవలసినది ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. ఇట్రెక్స్‌లో ‘దొరికింది’ అని నమోదు చేస్తే, గార్మిన్ ఫోల్డరులో జియోక్యాష్ విజిట్స్ అనే టెక్స్ట్ ఫైలులో ఆ జియోక్యాష్ కోడు, తేదీ, సమయం, మీరు రాసిన ముక్క ఒక వరుసగా చేరుతాయి. ఆ ఫైలును సైటులో అప్‌లోడ్ చేస్తే డ్రాఫ్టులుగా వస్తాయి. వాటిని తీరిగ్గా ఇంట్లో కూర్చుని పూర్తి వాక్యాలతో నింపి పంపవచ్చు. సీజియోలో అయితే లాగ్‌ను అక్కడికక్కడే రాసి ఆఫ్‌లైన్‌లో దాచుకోవచ్చు, నెట్‌వర్క్ వచ్చాక పంపవచ్చు. పరికరం బొత్తాలతో ఒక్కో అక్షరం ఎంచుకుని వ్యాఖ్య రాయడం కంటే ఇదే నయం. పిల్లలు ఉన్నప్పుడైతే మరీను.

డ్రాఫ్టులు పంపే ముందు తేదీ ఒకసారి చూసుకోండి. ఆ ఫైలులో సమయం గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటుంది, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున ఐదింటికి దొరికినది ముందు రోజు తేదీతో నమోదై ఉంటుంది. జీపీఎస్ తేదీని తెలిపేందుకు వాడే వారాల లెక్క 2019 ఏప్రిల్ 6న మళ్లీ సున్నా నుంచి మొదలైనందున, సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించని కొన్ని పాత పరికరాలు తేదీని పందొమ్మిదేళ్లకు పైగా వెనక్కి చూపుతాయి. స్థానం మాత్రం సరిగానే ఉంటుంది. మీ మేనమామ గారు దాన్ని ఎప్పుడు పక్కన పెట్టారో తెలియదు కనుక, ఆన్ చేసినప్పుడు తేదీ తప్పుగా కనిపిస్తే ఎవరి కంప్యూటర్‌లోనైనా గార్మిన్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రోగ్రాముతో ఒకసారి అప్‌డేట్ చేయించండి.

ఇన్ని చెప్పుకున్నా డబ్బా లోపల ఉండే లాగ్‌షీటు కాగితమే. దాని మీద పేరు రాయనిదే దొరికినట్లు లెక్కకు రాదు, లోపల పెన్ను ఉంటుందన్న నమ్మకం లేదు. ఒక బాల్‌పాయింట్ పెన్ను వెంట తీసుకువెళ్లండి. వానాకాలంలో లోపలి షీటు చెమ్మగిలి ఉంటుంది కాబట్టి పెన్సిల్ కూడా ఉంటే మంచిది.